గోడ మీద రెండో పెళ్ళికూతురు

ఈ మధ్య మా ఇంటికి రంగులు వేయించాం. పెయింటర్ ఒక పుస్తకం తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టాడు. అందులో తెలుపులే పద్నాలుగు రకాలున్నాయి. దంతపు తెలుపు, ముత్యపు తెలుపు, మల్లె తెలుపు, పొగమంచు తెలుపు. తెల్లటి తెలుపు మాత్రం లేదు. "వట్టి తెలుపు కావాలయ్యా, సున్నంలాంటిది" అన్నాను. అతను నన్ను జాలిగా చూశాడు. "ఇప్పుడెవరూ వేయించట్లేదండి, ఆసుపత్రిలా ఉంటదని" అన్నాడు. మా ఆవిడ మల్లె తెలుపును ఖాయం చేసింది. ఆరాక చూస్తే ముందురోజు మిగిలిపోయిన పెరుగన్నం రంగులో ఉంది. నేనేమీ అనలేదు. ఇన్నేళ్ళ కాపురంలో నేర్చుకున్న విద్యల్లో అదొకటి.

మీకిది ఇంటిగోలలా కనిపించవచ్చు. నాకు మాత్రం వృత్తికి సంబంధించిన గోల. చిలకలూరిపేటలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ముప్పై ఎనిమిదేళ్ళు పెళ్ళిళ్ళకీ, నిశ్చితార్థాలకీ, ఓణీల ఫంక్షన్లకీ, బాప్తిస్మాలకీ ఫొటోలు తీసినవాణ్ణి. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు చూసేది ఇంటివాళ్ళను కాదు, పైకప్పును. "ఈయన ఫొటోలు తీయడానికి వచ్చాడా, బల్లుల్ని లెక్కపెట్టడానికి వచ్చాడా?" అని ఒక పెద్దాయన నా వెనకే అనడం నాకు వినపడింది. పైకప్పు తెల్లగా ఉంటే ఆ రోజు నా పని సగం అయిపోయినట్టే. పెరుగన్నం రంగులో ఉంటే పెళ్ళికొడుకూ పెరుగన్నం రంగులోనే వస్తాడు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను ఒకటే అడుగుతారు, ఏ కెమెరా కొనమంటారని. ఏదైనా కొనుక్కోమంటాను. నేను రహస్యం దాస్తున్నాననుకుని వెళ్ళిపోతారు. నిజానికి చెప్పవలసింది వేరే ఉంది. ఇంట్లో ఫ్లాష్ వెలిగించి, మనిషి వెనక గోడ మీద తారు పూసినట్టు నీడ పడకుండా తీయగలిగితే ఈ పని మీకు సగం వచ్చినట్టు. మిగతా సగం, ఆ మనిషి మొహం ఎలా ఉందో అలాగే ఆ మనిషి చేతిలో పెట్టడం. ఈ రెండో సగం కోసం నేను చాలామందితో తగవులాడాను. ఒక్కసారి మాత్రం తగవులాడవలసిన చోట నోరు మూసుకుని, ఒకావిడకు అన్యాయం చేశాను. రాస్తున్నది ఎక్కువగా ఆ సంగతే.

మా గురువుగారి సూత్రం

గుంటూరులో ఫిజిక్సు డిగ్రీ చేసి, ఉద్యోగం రాక, పేటలో హైవే పక్కనున్న ఒక స్టూడియోలో చేరాను. యజమాని కోటేశ్వరరావు గారు. చేరిన రోజు నా చదువు అడిగారు. చెప్పాను. "ఫర్లేదులే, పనిలో పడితే అదే పోద్ది" అని ధైర్యం చెప్పారు.

ఆయన సూత్రం ఒక్కటే. మనుషుల్ని గోడకు ఆనించి నిలబెట్టడం, ఫ్లాష్ నేరుగా మొహాన కొట్టడం. గోడకెందుకని అడిగితే, "ఆనుకుంటే కదలరు" అనేవారు. పక్కకు తిప్పి కొడదామా అంటే, "లైటు కొన్నది మనుషుల కోసమా, గోడల కోసమా?" అనేవారు. మనిషిని గోడకు ఆనిస్తే ఆ మనిషి నీడ కూడా గోడకు అంటుకుంటుంది, చెవి పక్కనే, కత్తిరించి అతికించినట్టు. పెళ్ళికూతురి ఫొటోల్లో ఆ నీడకు ఆయన ఒక పేరు కూడా పెట్టారు, రెండో పెళ్ళికూతురు అని. ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే, "ఒక్క ఫొటోలో ఇద్దరొచ్చారమ్మా, సంతోషించండి" అనేవారు. వాళ్ళు నవ్వేసి వెళ్ళిపోయేవారు.

నేరుగా మొహాన కొట్టడంలో ఇంకో మర్మం ఉంది. చర్మం మీద ఉన్న వివరమంతా కొట్టుకుపోయి మనిషి తెల్లగా వస్తాడు. అది చాలకపోతే, గుంటూరు కలర్ ల్యాబ్‌కు పంపే కవరు మీద ఎర్ర ఇంకుతో 'ఫేర్' అని రాసేవారు. అక్కడి ఆపరేటరు ఇంకో నాలుగు మెట్లు తెల్లబరిచేవాడు. "మనవాళ్ళకి కావలసింది ఫొటో కాదురా, తెలుపు" అనేవారు గురువుగారు. ఆయన కవర్లోంచి వచ్చిన ప్రింట్లు చూస్తే మూడు మండలాల జనమంతా ఒకే తల్లి పిల్లల్లా ఉండేవారు.

చెడ్డవాడు కాదు. ఆకలి వేళకు అన్నం పెట్టాడు, నాకు జ్వరమొస్తే మాత్రలు తెచ్చిచ్చాడు. ఫొటోలు తీయడం మాత్రం నేర్పలేదు, ఆయనకూ రాదు గనక.

రత్నకుమారి పెళ్ళి

నేను చేరిన రెండో ఏడు, పేటకు నాలుగు మైళ్ళ దూరంలో ఒక ఊరి చర్చిలో పెళ్ళి. పెళ్ళికూతురు రత్నకుమారి. తల్లీ తండ్రీ పత్తి తీతకు కూలికి వెళ్ళేవాళ్ళు. ఆమె టీచర్ ట్రైనింగ్ చేసి పేటలోని ఎయిడెడ్ స్కూల్లో ఉద్యోగం తెచ్చుకుంది. వాళ్ళ వాడలో జీతం అందుకున్న మొదటి ఆడపిల్ల ఆమేనని వాళ్ళ నాన్న మాకు మూడుసార్లు చెప్పాడు. ఆమె నలుపు. మంచి నిగారింపు ఉన్న నలుపు. ఆ రోజు మెరుస్తూ ఉంది.

మా వైపు చర్చి పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు తెల్లచీర కడుతుంది, తల మీద తెల్లటి ముసుగు. వెనక గోడ కొత్తగా సున్నం కొట్టింది. మా దగ్గరున్న ఫ్లాష్‌కు ముందు వైపు చిన్న కన్ను ఉండేది. ఎదుటినుంచి వెలుతురు తిరిగొచ్చి ఆ కంటికి తగలగానే, ఇక చాలనుకుని ఫ్లాష్ ఆగిపోతుంది. తెల్లచీర నుంచీ తెల్లగోడ నుంచీ బోలెడంత తిరిగొస్తుంది. ఫ్లాష్ మధ్యలోనే ఆగిపోతుంది. మొహానికి అందవలసింది అందదు.

ఇది నాకు తెలుసు. తెలియదని చెప్పుకోవడానికి లేదు, దీని మీద పరీక్ష రాసి పాసైనవాణ్ణి. రెండడుగులు గోడకు దూరంగా జరిపి, ఫ్లాష్ కన్ను మూసేసి చేత్తో లెక్క కట్టి కొడితే సరిపోయేది. ఆ మాటే అనబోయాను.

"గురువుగారూ, వాళ్ళను కొంచెం ముందుకి..."

"ఏరా, చదువుకున్నోడా, పాస్టరు గారికి ఇంకో పెళ్ళుందంట. నోరు మూసుకుని నొక్కు."

నోరు మూసుకున్నాను. నొక్కాను. ఆయన నిలబెట్టాడు, నేను నొక్కాను. ముప్పై ఆరు ఫొటోలు.

ప్రింట్లు వచ్చాయి. తెల్లచీర ఉంది, ముసుగు ఉంది, మధ్యలో కళ్ళూ పళ్ళూ ఉన్నాయి. మొహం లేదు. మొహం పక్కన గోడ మీద మాత్రం రెండో పెళ్ళికూతురు చాలా స్పష్టంగా ఉంది. గురువుగారు మళ్ళీ ఎర్ర ఇంకు తీశారు. ల్యాబ్ వాళ్ళు తెల్లబరిచారు. ఈసారి చీర గోడలో కలిసిపోయింది, మొహం పొయ్యి బూడిదలా అయింది. అలాగే ఆల్బమ్ కట్టి ఇచ్చేశాం.

ఇవ్వడానికి నేనూ వెళ్ళాను. పెళ్ళికొడుకు మేనత్త ఒడిలో పెట్టుకుని పేజీ తిప్పింది. "అమ్మాయ్, ఇందులో మా కోడలు ఏదే? గోడ మీదదా, గోడ ముందుదా?" అంది. ఇంటినిండా నవ్వు. గురువుగారూ నవ్వారు. నేను నవ్వానో లేదో గుర్తులేదు. గుర్తులేదంటే నవ్వి ఉంటానని అనుమానం. రత్నకుమారి వచ్చి మేనత్త ఒళ్ళోంచి ఆల్బమ్ తీసుకుని మూసి లోపలికి తీసుకెళ్ళింది.

ఆ తరవాత ఆమె స్కూలుకు ఏటా గ్రూపు ఫొటో తీసింది నేనే. వరసలు సర్దేది ఆమె. పొట్టివాళ్ళను ముందుకు లాగడం, జుట్టు చెదిరినవాడికి జుట్టు సర్దడం, అంతా చేసి చివర్లో నా వెనక్కి వచ్చి నిలబడేది. "టీచరుగారూ, మీరూ రండి" అంటే, "ఎవరో ఒకరు చూసేవాళ్ళు ఉండాలి కదండి" అనేది. ఒక్క ఏడాది కూడా ఫొటోలో లేదు.

మిరపకాయల రంగు

అయిదేళ్ళ తరవాత గురువుగారి దగ్గర మానేసి సొంతంగా మొదలుపెట్టాను. పెద్దగా చెప్పుకునే గొడవేమీ కాలేదు. "గోడలకి ఫొటోలు తీసుకో పో" అని ఆశీర్వదించి పంపారు.

ఆయన వెటకారానికన్నా అందులో సలహానే ఎక్కువ. నిజంగానే గోడలకు కొట్టడం మొదలుపెట్టాను. ఫ్లాష్ చిన్నది, అరచేయంత. చిన్న దీపం ముందు చెయ్యి పెడితే గోడ మీద నీడ కరకుగా పడుతుంది. అదే వెలుతురును పైకప్పుకు కొడితే పైకప్పంతా దీపమవుతుంది. అంత పెద్ద దీపం కింద నిలబడ్డ మనిషి నీడకు అంచులుండవు. మబ్బు పట్టిన రోజు వీధిలో మన నీడ కనబడదే, అదే సంగతి. మనుషుల్ని గోడకు నాలుగడుగులు ముందుకు జరిపితే, మిగిలిన కాస్త నీడా కిందకు జారి నేల మీద పడిపోతుంది. మొత్తం విద్య ఇంతే. రెండు వాక్యాలు. దీనికి కోర్సులు పెట్టి నెలలకొద్దీ చెబుతున్నారని విన్నాను.

వాక్యాలు రెండే అయినా, తప్పులు మాత్రం చాలా చేశాను. వాటిలో ఒకటి చెబుతాను.

సత్తెనపల్లి అవతల ఒక రైతు ఇంట్లో నిశ్చితార్థం. ఆ ఏడు మిరపకు రేటు లేదు, కోల్డ్ స్టోరేజీల్లో చోటు లేదు. ఇంటి హాల్లో ఒక పక్కంతా ఎండుమిరపకాయలు కిటికీ ఎత్తున పోసి ఉన్నాయి. మిగిలిన చోట నిశ్చితార్థం. అందరూ తుమ్ముతూనే తాంబూలాలు మార్చుకున్నారు. పైకప్పు పాతకాలపు టేకు పలకలు, నల్లగా ఉంది, దానికి కొడితే వెలుతురు తిరిగి రాదు. అందుకని తెలివిగా పక్కగోడకు కొట్టాను. పక్కగోడ తెల్లనిదే. కాకపోతే దాని సగం ముందు మిరపకాయలున్నాయి.

వెలుతురు దేనికి తగిలితే దాని రంగు వెంట తెస్తుంది. ప్రింట్లలో నీడన్నది లేదు, వెన్నలా ఉంది వెలుతురు. మొహాలు మాత్రం ఎర్రగా కాలిపోతున్నాయి. ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ ఒకళ్ళనొకళ్ళు నరుక్కోవడానికి ఎదురెదురుగా కూర్చున్నట్టున్నారు. పల్నాడు గనక ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇంటాయన ఆల్బమంతా చూసి, "మా బావ మాత్రం అచ్చం వచ్చాడండి" అన్నాడు. అప్పటినుంచి గోడను చూడటంతో ఆగకుండా, గోడ ముందు ఏముందో, ఎదుటివాళ్ళు ఏ రంగు కట్టుకున్నారో కూడా చూడటం అలవాటైంది.

పైకప్పుకు మాత్రమే కొడితే ఇంకో ఇబ్బంది. వెలుతురంతా నెత్తిమీంచి పడి కళ్ళు గుంటల్లోకి పోతాయి. దానికి మందు పెళ్ళివాళ్ళే పంచిపెట్టేవారు. శుభలేఖ వెనకవైపు తెల్లగా, దళసరిగా ఉంటుంది. దాన్ని రబ్బరుబ్యాండుతో ఫ్లాష్ నెత్తిన నిలబెడితే, పైకి పోయేదాంట్లోంచి కొంత ముందుకు తిప్పి కళ్ళలో పోస్తుంది. పసుపు రాసిన మూలలు మాత్రం వెనక్కి మడవాలి. ఎవరి పెళ్ళికి వాళ్ళ శుభలేఖే కట్టేవాణ్ణి, ఎప్పుడూ చేతికి దొరికేది అదే గనక. ఒక పెళ్ళిలో పురోహితుడు గారు ముచ్చటపడి, "ఇదేమన్నా శాస్త్రమా నాయనా?" అని అడిగారు. "అవునండి, భౌతికశాస్త్రం" అన్నాను. ఆయన సంతోషించారు.

తెల్లచీరల వరస

అన్నింటికన్నా పెద్ద చిక్కు చర్చిల్లో. కప్పు ఎక్కడో ఆకాశంలో ఉంటుంది, పైగా పెంకు. గోడలు దూరం. ఫ్లాష్ ఎటు తిప్పినా వెలుతురు వెళ్ళిపోవడమే గానీ తిరిగి రావడం ఉండదు. నేరుగా కొడితే మళ్ళీ రత్నకుమారి పెళ్ళే.

ఒక పెళ్ళిలో ఇలాగే దిక్కుతోచక నిలబడి వెనక్కి తిరిగాను. ముందు వరసల్లో సంఘంలోని పెద్ద వయసు ఆడవాళ్ళు ముప్పైమంది కూర్చుని ఉన్నారు. అందరూ తెల్లచీరలే. గంజి పెట్టి, నీలిమందు వేసి, ఇస్త్రీ చేసిన తెలుపు. ఏ పెయింటరు పుస్తకంలోనూ లేని తెలుపు. మనసులో ఏదో వెలిగింది. పెళ్ళికూతురి వైపే కెమెరా పెట్టి, ఫ్లాష్ తల మాత్రం వెనక్కి తిప్పి, ఆ చీరల మీదకు కొట్టాను.

ముందు వరసలో పాస్టరమ్మ గారు ఉలిక్కిపడ్డారు. "ఏందయ్యా, పెళ్ళికూతురు అటుంటే మమ్మల్ని తీస్తన్నావు?"

"మీ దయ ఆ అమ్మాయి మీద పడాలండి" అన్నాను. నేను చెప్పినవాటిలో అంత అచ్చమైన నిజం తక్కువ.

ఆ మాట వెనక వరసల దాకా పాకింది. చీరలు సర్దుకున్నారు, వెన్ను నిటారు చేశారు, ఇద్దరు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఎంత నిటారుగా కూర్చుంటే అంత తెలుపు నాకు. ముప్పైమంది అవ్వల మీంచి తిరిగొచ్చిన ఆ వెలుతురు పెళ్ళికూతురి బుగ్గ మీద ఎలా పడిందో నేను వర్ణించను. గోడ మీద రెండో పెళ్ళికూతురు లేదు. ఉన్న పెళ్ళికూతురు ఉంది, చామనఛాయగా, తనలా.

చిక్కు తరవాత వచ్చింది. వారం తిరక్కుండా పాస్టరమ్మ గారు మనిషిని పంపారు, తమ ఫొటోలు ఎప్పుడిస్తారని. నా దగ్గర వాళ్ళది ఒక్కటి కూడా లేదు. మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి, ముప్పైమందినీ వరసగా కూర్చోబెట్టి తీసి ఇచ్చాను. తీసుకున్న వెలుతురు తిరిగి ఇవ్వడం న్యాయమే.

తెలుపు గురించి నాలుగు మాటలు

ఈ లోపల ల్యాబ్‌తో గొడవలు మొదలయ్యాయి. నా కవర్ల మీద 'ముట్టుకోవద్దు' అని రాసేవాణ్ణి. ఆపరేటరు ఫోన్ చేశాడు. "కస్టమర్లు తిట్టరా అండి?"

"తిడతారు."

"మరి?"

"నన్నే కదా తిట్టేది. నువ్వెందుకు భయపడతావు?"

తిట్టారు కూడా. "మా అమ్మాయి ఇంత నలుపా?" అని ఒకావిడ ఆల్బమ్ బల్ల మీద పడేసింది. "అమ్మాయిని పిలవండి, పక్కన పెట్టి చూద్దాం" అన్నాను. పిలవలేదు. వాళ్ళింట్లో తరవాతి పెళ్ళి గురువుగారే తీశారు. అలాంటి ఇళ్ళు చాలా పోయాయి. పోనిచ్చాను.

కొత్తగా వచ్చేవాళ్ళకి ఇక్కడ గట్టిగా చెబుతున్నాను. గోడ మీద నీడ ఫొటోగ్రాఫరు తప్పు. మొహం మీద నలుపు ఎవరి తప్పూ కాదు. మొదటిదాన్ని దిద్దండి, రెండోదాని జోలికి వెళ్ళకండి. ఇప్పుడు ఫోనే అడక్కుండా బుగ్గలు నున్నగా చేసి రంగు తేల్చేస్తోంది, మా గురువుగారు ప్రతివాడి జేబులోకీ చేరినట్టు. కస్టమరు అడిగాడు గనక చేశామంటారు. కస్టమరు పొడుగు పెంచమంటే పెంచుతారా? నేను మారలేదు. దీనివల్ల నష్టపోయాననుకునేవాళ్ళు అనుకోవచ్చు. నా ఫొటోల్లో అక్కాచెల్లెళ్ళు ఇద్దరు మనుషుల్లా కనిపిస్తారు.

ఖాళీ ఫ్రేము

నేను దుకాణం మూసేసిన మరుసటి ఏడు, ఆ ఎయిడెడ్ స్కూలు కరస్పాండెంటు ప్రకాశరావు గారు కబురు పెట్టారు. రత్నకుమారి గారు హెడ్మిస్ట్రెస్‌గా రిటైరవుతున్నారు. హెడ్మాస్టరు గదిలో గోడ మీద ఇంతకుముందు పనిచేసినవాళ్ళ ఫొటోలు ఏడు వరసగా ఉంటాయి. ఎనిమిదోది ఆవిడది పెట్టాలి. ఆవిడ తీయించుకోనంటున్నారు.

"ఇద్దరు ఫొటోగ్రాఫర్లను పంపేశారండి" అన్నారు ప్రకాశరావు గారు. "ఖాళీ ఫ్రేము పెట్టి కింద పేరు రాయండి, పిల్లలకి చదవడం వచ్చు అంటున్నారు. మొదటి లేడీ హెడ్మిస్ట్రెస్ అండి. ఖాళీ ఫ్రేము పెడితే స్కూలుకి ఏం మర్యాద?"

వెళ్ళాను. ఎందుకు తీయించుకోనంటున్నారో ఆ ఊళ్ళో నాకొక్కడికే తెలుసు గనక వెళ్ళాను.

ఇరుకు గది. పైన సిమెంటు రేకులు. గోడలకు సగం దాకా ఆకుపచ్చ ఆయిల్ పెయింటు, జిగేలుమంటోంది. నీడ కోసం, రంగు చెడటం కోసం ప్రత్యేకంగా కట్టించినట్టుంది. ఏడుగురు హెడ్మాస్టర్లు గోడ మీంచి చూస్తున్నారు, ఏడుగురూ ఒకే సున్నం. కింద బల్ల దగ్గర ఆవిడ రిజిస్టర్లు సర్దుతున్నారు. తెల్లచీర. జుట్టూ తెల్లబడింది.

తలెత్తి చూశారు. "మీరా! మీ చేత్తో ఒకసారి తీయించుకున్నానండి. చాలు."

"ఆ రోజు తప్పు నాదేనండి" అన్నాను. "ఎలా తీయాలో తెలిసే అలా తీశాను."

"కోటేశ్వరరావు గారు కదా అలా నిలబెట్టింది?"

"నిలబెట్టింది ఆయన. నొక్కింది నేను."

ఆవిడ రిజిస్టరు మూశారు. కాసేపు నన్ను, లెక్క తప్పు చేసిన కుర్రాణ్ణి చూసినట్టు చూశారు. "పది నిమిషాలు. నాకు నచ్చకపోతే నా కళ్ళెదుటే చెరిపెయ్యాలి. తరవాత ఖాళీ ఫ్రేమే. సరేనా?"

సరేనన్నాను. ముందు కుర్చీని గోడ నుంచి గది మధ్యకు లాగాను. తలుపులూ కిటికీలూ తెరిపించాను, గదిలో ఉన్న పగటి వెలుతురు సగం పని చేస్తుందని. ఇక తెల్లటిది ఏదైనా, పెద్దది, ఒక పక్కన కావాలి. వీడ్కోలు సభకని టీచర్లందరూ పట్టుచీరల్లో వచ్చారు, ఒక్కటీ తెల్లది లేదు.

"ఏం వెతుకుతున్నారు?" అన్నారు ఆవిడ. చెప్పాను. ఆవిడ ఆయాను పిలిచారు. "లక్ష్మీ, నా మ్యాపులు తీసుకురా. గుడ్డ అతికించినవి. వెనక తెల్లగా ఉంటాయి కదా."

"ప్రపంచం చిరిగిందమ్మా. ఆసియా బానే ఉంది" అంది లక్ష్మి.

"చిరిగినా ఫర్లేదు, రెండూ తే."

ఇద్దరు టీచర్లు కుర్చీలెక్కి, ఆవిడకు ఎడమ పక్కన ఆకుపచ్చ గోడను మూసేస్తూ పటాలను తిరగేసి పట్టుకున్నారు. ఫ్లాష్ కన్ను మూసి, ఎంత వెలుతురు కావాలో చేత్తో పెట్టి, తల పటాల వైపు తిప్పాను. ప్రకాశరావు గారు గుమ్మంలో నిలబడి, "ఆవిడ ఇటున్నారండి" అని నాకు గుర్తుచేశారు.

నాలుగు తీశాను. మూడోదాంట్లో ఆవిడ కుర్చీ మీదున్న టీచరును "పడతావు, జాగ్రత్త" అని కసురుతున్నారు. అదే ఉంచాను. కెమెరా తెర మీద చూపించాను. ఆవిడ చూసి, "ప్రింటు వేసి తీసుకురండి, అప్పుడు చెబుతాను" అన్నారు.

రెండు రోజుల తరవాత ప్రింటుకు ఫ్రేము కట్టించి తీసుకెళ్ళాను. ముందు ప్రకాశరావు గారు అందుకున్నారు. ఫొటోను, గోడను, మళ్ళీ ఫొటోను చూశారు.

"బాగుందండి. కాకపోతే ఆ ఏడూ ఒక వరసలో ఉన్నాయి కదా. ఇది కొంచెం... మా అబ్బాయి కంప్యూటర్లో ఒక్క నిమిషంలో తేలుస్తాడు."

"ఆ ఏడుగురినీ నేను ఎరుగుదునండి" అన్నాను. "అందులో నలుగురు ఈవిడకన్నా నలుపు. కావాలంటే వాళ్ళవి మళ్ళీ వేయిద్దాం. దీన్ని ముట్టుకునేటట్టయితే ఇచ్చేయండి, ఆవిడ అడిగిన ఖాళీ ఫ్రేమే తగిలించుకోండి."

"అంత కోపం ఎందుకండి? ఆవిడ మంచికోసమే కదా చెబుతున్నాను."

"ఆవిడ మంచి ఆవిడనే చెప్పనివ్వండి."

రత్నకుమారి గారు చెయ్యి చాపి ఆయన చేతిలోంచి ఫ్రేము తీసుకున్నారు. కళ్ళద్దాలు తీసి చీరచెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. మొహం, నిగారింపు ఉన్న ఆ నలుపు, కసిరేటప్పుడు ఎత్తిన కనుబొమ్మ, అన్నీ ఉన్నాయి. వెనక గోడ మీద ఎవరూ లేరు.

"లక్ష్మీ, సుత్తి తే" అన్నారు.

కుర్చీ ఎక్కి మేకు ఆవిడే కొట్టారు, ఏడో హెడ్మాస్టరు పక్కన. తగిలించి, ఒక పక్కకు ఒరిగితే వేలితో సరిచేసి, దిగి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూశారు. నేను మెచ్చుకోలు కోసం ఆగానని ఒప్పుకోను. వెళ్ళిపోకుండా నిలబడ్డమాట మాత్రం నిజం.

ఆవిడ ఫొటో మీంచి చూపు తిప్పకుండానే అన్నారు.

"పెళ్ళినాడు కూడా నా మొహం ఇదేనండి."